తాడు లాగినా లేవని ఇంజిన్: గడ్డి కోత యంత్రం నిజంగా ఎక్కడ చెడుతుంది?

కొన్ని నెలలు మూలన పడి ఉన్న గడ్డి కోత యంత్రాన్ని బయటికి తీస్తాం. తాడు లాగుతాం. మళ్లీ లాగుతాం. ఇరవయ్యోసారికి భుజం నొప్పెడుతుంది గానీ ఇంజిన్ ఒక్కసారి దగ్గను కూడా దగ్గదు. ఇక సలహాలు మొదలవుతాయి. ప్లగ్ మార్చమని ఒకరు, కార్బొరేటర్ కడగమని ఇంకొకరు, పాత పెట్రోలు పారబోస్తే చాలని మూడో మనిషి. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమ యంత్రానికి ఏది పనిచేసిందో అదే చెబుతున్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఈ యంత్రాలకు వచ్చే పది రకాల జబ్బులకూ పైకి కనిపించే లక్షణం ఒక్కటే: స్టార్ట్ కాకపోవడం.

అందుకే ఇంట్లో రిపేరు చేసుకునేవాళ్లలో రెండు తెగలు కనిపిస్తాయి. మొదటి తెగ వాళ్లు ఒక్కో భాగం మార్చి చూస్తూ పోతారు, ఎప్పుడో ఒకప్పుడు అసలు దొంగ దొరుకుతాడని. రెండో తెగ వాళ్లు ఏది లోపించిందో తేల్చుకున్నాకే స్పానరు పడతారు. మొదటి పద్ధతిని తీసిపారేయలేం. ప్లగ్ లాంటి చిన్న భాగమైతే పరీక్షించడం కంటే మార్చేయడమే తొందరగా అవుతుంది. కానీ కొత్త ప్లగ్, కొత్త కాయిల్, కొత్త కార్బొరేటర్ అన్నీ వేశాక కూడా మొండికేసిన ఇంజిన్లు చాలానే ఉంటాయి. వాటిలో చాలావాటికి అసలు జబ్బు ఎక్కడో చిన్న వైరులోనో, ట్యాంకు మూతలోనో ఉంటుంది.

ఇంజిన్ అడిగేవి నాలుగే

నెట్టుకుంటూ గడ్డి కోసే మోవర్, భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్, చెట్లు కోసే చైన్‌సా, ఆకులు ఊదే బ్లోయర్... పేర్లు ఏవైనా, పెట్రోలుతో నడిచేవాటన్నిటిలోనూ సాధారణంగా ఉండేది ఒకే సిలిండరున్న చిన్న ఇంజిన్. అది అడిగేవి నాలుగు: గాలి, అందులో (కార్బొరేటర్ ద్వారా) తగుపాళ్లలో కలిసిన పెట్రోలు, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్, సరిగ్గా వేళకు ప్లగ్ కొనన పడే స్పార్క్ (నిప్పురవ్వ). ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు అంతకు మించితే మెకానిక్కులు 'రిచ్' అంటారు, తగ్గితే 'లీన్' అంటారు. ఈ రెండు మాటలూ ముందు ముందు చాలాసార్లు వస్తాయి.

ఇంజిన్లలో మళ్లీ రెండు జాతులు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి మంట పుడుతుంది, ఇంజిన్ ఆయిల్ అడుగున విడిగా ఉంటుంది. నెట్టుకుంటూ నడిచే మోవర్లలో ఎక్కువ భాగం ఇవే. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంట. విడిగా ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపిన టూటీ (2T) ఆయిలే లోపలి భాగాలను తడుపుతుంది. చైన్‌సాలు, చాలా బ్రష్ కట్టర్లు ఈ జాతివి. అయితే ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్లూ ఉన్నాయి కాబట్టి ఆకారం చూసి తేల్చేయకూడదు. ఇంజిన్ ఆయిల్ పోయడానికి వేరే మూత ఉందంటే అది ఫోర్ స్ట్రోక్ (చైన్‌సాలో గొలుసుకు పోసే ఆయిల్ మూత ఈ లెక్కలోకి రాదు).

నాలుగు చుక్కల పెట్రోలు చెప్పే సాక్ష్యం

నాలుగింటిలో ఏది లోపించిందో తేల్చడానికి మెకానిక్కులు ఏళ్ల తరబడి వాడుతున్న పరీక్ష ఒకటుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులో నాలుగైదు చుక్కల తాజా పెట్రోలు వేసి తాడు లాగడం. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ కలిపిన పెట్రోలే వేస్తారు. ఇంజిన్ రెండు మూడు సెకన్లు నడిచి చచ్చిపోయిందనుకోండి, అదే పెద్ద శుభవార్త. స్పార్క్ ఉంది, కంప్రెషన్ ఉంది, టైమింగ్ బాగుంది. లోపమల్లా ట్యాంకు నుంచి సిలిండరు దాకా పెట్రోలు నడిచే దారిలోనే. అనుమానితుల జాబితా ఒక్క దెబ్బకు సగానికి పైగా తగ్గిపోయింది.

ఏ చలనమూ లేకపోతే ప్లగ్ విప్పి చూస్తారు. ఇన్నిసార్లు లాగాక కూడా ప్లగ్ కొన పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు. తడిసి ముద్దయి ఉంటే పెట్రోలు వస్తోంది గానీ అంటుకోవడం లేదు. స్పార్క్ లేకపోవచ్చు, లేదా చోక్ (గాలి దారిని మూసే రేకు) మూసి అదే పనిగా లాగడం వల్ల ఇంజిన్‌లో పెట్రోలు నిండిపోయి ఉండొచ్చు. రెండోదే అయితే ప్లగ్ ఆరబెట్టి, చోక్ తెరిచి, కాసేపు ఆగి లాగితే సరిపోతుంది. అది రిపేరు కూడా కాదు.

ప్లగ్ కొన రంగు కూడా మాట్లాడుతుంది. లేత గోధుమ రంగైతే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే రిచ్, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి చేరుతోంది. తెల్లగా పాలిపోతే లీన్, ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. కొనల మధ్య సందు మోవర్ ఇంజిన్లలో 0.7 నుంచి 0.8 మి.మీ., చిన్న టూ స్ట్రోక్‌లలో 0.5 నుంచి 0.65 మి.మీ. దాకా ఉండటం మామూలు. అసలు కొలత ఆ యంత్రం మాన్యువల్‌లో ఉన్నదే.

బ్యాటరీ లేకుండా స్పార్క్ ఎలా వస్తుంది?

తాడుతో స్టార్టయ్యే యంత్రంలో స్పార్క్‌ కోసం బ్యాటరీ ఉండదు. ఇంజిన్ ఇరుసుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దాని అంచున ఒక అయస్కాంతం, దాని పక్కనే కదలకుండా బిగించిన తీగ చుట్ట, అదే కాయిల్. అయస్కాంతం కాయిల్ ముందు నుంచి దూసుకెళ్లినప్పుడల్లా కరెంటు పుట్టి ప్లగ్‌కు వెళుతుంది. రెండింటి మధ్య సందు చాలా ఇంజిన్లలో 0.25 నుంచి 0.35 మి.మీ. సన్న సందులు కొలిచే ఫీలర్ గేజి లేనివాళ్లు విజిటింగ్ కార్డు అడ్డుపెట్టి కాయిల్ బిగించడం అందుకే. కార్డు మందం ఇంచుమించు అంతే.

ఈ అమరికను బట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, ఫ్లైవీల్ వేగంగా తిరిగితేనే స్పార్క్. తాడును నీరసంగా లాగితే ఎంత మంచి ఇంజిన్ అయినా పలకదు. రెండోది ప్రాణం మీదికి వచ్చేది. మోవర్ బ్లేడు, ఫ్లైవీల్ రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. అడుగున చెయ్యి పెట్టి బ్లేడును తిప్పామంటే తాడు లాగినట్టే లెక్క. సిలిండరులో కాస్త పెట్రోలు మిగిలి ఉంటే ఇంజిన్ ఒక్కసారి తన్నొచ్చు. బ్లేడు జోలికి వెళ్లే ముందు ప్లగ్ క్యాప్ పీకి దూరంగా కట్టేయాలని ప్రతి మాన్యువల్ మొదటి పేజీల్లోనే చెప్పేది ఇందుకే. స్విచ్ ఆపితే చాలదా అంటే, ఆ స్విచ్ కథే వేరు.

ఇంట్లో లైటు స్విచ్ ఆపితే తీగ తెగి కరెంటు ఆగుతుంది. ఈ ఇంజిన్లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: స్విచ్ ఆపితే కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు ఇంజిన్ బాడీకి తగులుతుంది, కరెంటు ప్లగ్‌కు వెళ్లకుండా బాడీలోకి పోతుంది. అంటే ఆ వైరు మీది తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి లోహానికి తగిలితే ఇంజిన్‌ను ఎవరో నిరంతరం ఆపుతున్నట్టే. మోవర్ హ్యాండిల్ దగ్గర పట్టుకునే అడ్డకమ్మీ (వదిలేస్తే ఇంజిన్ ఆగేది) కేబుల్ సాగిపోయినా ఇదే ఫలితం. కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఆయిల్ తక్కువైతే సెన్సర్ కూడా ఇదే వైరును బాడీకి కలిపేస్తుంది. కాయిల్ దగ్గర ఆ సన్న వైరు ఊడదీసి చూస్తే స్పార్క్ తిరిగొచ్చిందా, కాయిల్‌లో దోషం లేదు. మార్చాల్సింది స్విచ్చో వైరో. అలా వైరు ఊడదీసి ఉన్నంతసేపూ ఇంజిన్‌ను స్విచ్‌తో ఆపలేం. కాబట్టి అది పరీక్ష వరకే, అలాగే వదిలేసి వాడుకునేది కాదు.

స్పార్క్ పరీక్ష కూడా మోసం చేయగలదు. విప్పిన ప్లగ్‌ను ఇంజిన్‌కు ఆనించి తాడు లాగితే చిటుక్కున నీలి మెరుపు కనిపిస్తుంది, బాగుందనుకుంటాం. కానీ బయటి గాలిలో దూకినంత తేలిగ్గా నొక్కిపెట్టిన గాలిలో స్పార్క్ దూకలేదు. బలహీనపడిన కాయిల్ బయట పాసై లోపల ఫెయిలవుతుంది. సందు ఎక్కువున్న స్పార్క్ టెస్టర్లు వచ్చింది అందుకే. పైగా ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తూంటుంది. దాని పక్కనే నిప్పురవ్వ పుట్టించడం మంచి ఆలోచన కాదు.

రాయి తగిలిన తర్వాత మొండికేసిన మోవర్

ఒక ఉదాహరణ. నిన్నటి దాకా చక్కగా నడిచిన మోవర్ బ్లేడు గడ్డిలో దాగిన రాయికి తగిలి ఠక్కున ఆగింది. ఇప్పుడు స్పార్క్ ఉంది, పెట్రోలు వస్తోంది, కంప్రెషన్ ఉంది. అయినా లేవదు. తాడు లాగితే చేతిలోంచి వెనక్కి గుంజుకుంటోంది, ఒకోసారి టప్‌మని పేలుతోంది.

నాలుగూ ఉన్నాయి, వేళ తప్పింది. ఫ్లైవీల్ ఇరుసు మీద ఏ కోణంలో కూర్చోవాలో నిర్ణయించేది అగ్గిపుల్ల ముక్కంత 'కీ'. దాన్ని చాలా ఇంజిన్లలో కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. బ్లేడు ఠక్కున ఆగినప్పుడు ఫ్లైవీల్ ఇంకా తిరగాలని చూస్తుంది, మధ్యలో కీ నలిగిపోతుంది. అది ఒక మిల్లీమీటరు జరిగినా అయస్కాంతం కాయిల్‌ను దాటే క్షణం మారిపోయి, స్పార్క్ వేళగాని వేళ పడుతుంది. ఇలాంటప్పుడు కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. కీ మారిస్తే యంత్రం మామూలైపోతుంది, ఇరుసు వంగకపోతే! కొత్త కీ వేశాక కూడా చేతులు జివ్వుమనేంత వణుకు ఉంటే, ముందు బ్లేడు వంగిందేమో చూస్తారు. బ్లేడు బాగుండి కూడా వణుకుతుంటే ఇరుసు వంగినట్టే, ఇంటి రిపేరు అక్కడితో ఆగిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. నెట్టుకుంటూ నడిచే చాలా మోవర్లలో బ్లేడు బరువు కూడా ఫ్లైవీల్‌కు సాయం చేస్తుంది. బ్లేడు బోల్టు వదులైనా, బ్లేడు విప్పేసి స్టార్ట్ చేయబోయినా తాడు ఇలాగే వెనక్కి గుంజుతుంది.

పెట్రోలు పాతబడటం అంటే ఏమిటి?

పెట్రోలు ఒకే పదార్థం కాదు, రకరకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. అందులో తేలికవి ముందు ఆవిరైపోతాయి. చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి అక్కరకొచ్చేవి సరిగ్గా అవే. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. కార్బొరేటర్ గిన్నెలో ఉండేది కొద్దిపాటి పెట్రోలే కాబట్టి అక్కడ ఈ మార్పు ట్యాంకులో కంటే ముందే జరుగుతుంది. యంత్రాల తయారీదారుల్లో చాలామంది 30 రోజులు దాటిన పెట్రోలు వాడొద్దంటారు.

దీనికి తోడు ఇథనాల్ గొడవ. చిన్న ఇంజిన్ల తయారీదారులు సాధారణంగా 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంత వరకు పీల్చుకుని కలుపుకుపోతుంది, హద్దు దాటితే పెట్రోలు నుంచి విడిపోయి నీటితో సహా అడుగుకు దిగుతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు ఆ హద్దు దాదాపు 0.5 శాతం నీరు. అంటే లీటరుకు 5 మి.లీ., ఒక చిన్న చెంచాడు. యంత్రం పెట్రోలు పీల్చుకునేది ట్యాంకు అడుగు నుంచే కాబట్టి మొదట వెళ్లేది ఆ నీటి పొరే. టూ స్ట్రోక్‌లో ఇంకో ముప్పు: కలిపిన ఆయిల్ పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది, అడుగు పొరలో లూబ్రికేషన్ ఉండదు. గాజు సీసాలో కాస్త పోసి వెలుతురుకు పట్టుకుంటే రెండు పొరలూ కంటికే కనిపిస్తాయి.

ఇథనాల్‌ను మరీ ఎక్కువ తిడుతున్నారనే వాదనా ఉంది, అందులోనూ బలముంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా ఆవిరవుతుంది, జిగురు కడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో గాలి నుంచి చేరే తేమ అంత ఎక్కువేమీ ఉండదు. నా లెక్కలో అసలు దోషి ఇథనాల్ కంటే కాలమే. ఇథనాల్ ఆ కాలాన్ని కొంచెం తగ్గిస్తుంది.

మరి యంత్రాన్ని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలా, నింపి స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా చెడకుండా కలిపే రసాయనం) కలపాలా? రెండు వర్గాలూ బల్లగుద్ది చెబుతాయి. గిన్నె ఉన్న కార్బొరేటర్‌లో పెట్రోలు లేకపోతే జిగురు కట్టేందుకే ఏమీ ఉండదు, కాబట్టి ఖాళీ వర్గం వాదన మోవర్లకు బాగా నప్పుతుంది. చైన్‌సాల్లో ఉండేది పల్చటి పొర మీద నడిచే డయాఫ్రమ్ కార్బొరేటర్. పూర్తిగా ఎండిపోతే ఆ పొర బిరుసెక్కుతుందని నింపే వర్గం అంటుంది. ఎటు వెళ్లినా మారని విషయం ఒకటుంది. స్టెబిలైజర్ తాజా పెట్రోలును కాపాడుతుంది గానీ పాడైనదాన్ని బాగుచేయలేదు. కలిపాక ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడపకపోతే అది కార్బొరేటర్ దాకా చేరనే చేరదు.

చోక్‌లోనే నడుస్తుంది, తెరిస్తే ఆగిపోతుంది

ఇది అన్నిటికంటే మామూలుగా వినిపించే ఫిర్యాదు. చోక్ అంటే గాలి దారిని మూసే రేకు. గాలి తగ్గితే పెట్రోలు పాలు పెరుగుతుంది. చోక్ మూస్తేనే నడుస్తోందంటే, తెరిచినప్పుడు మిశ్రమం లీన్ అయిపోతోందన్నమాట. పెట్రోలైనా తక్కువ రావాలి, దొంగదారిలో గాలైనా ఎక్కువ రావాలి.

మొదటిదైతే జెట్, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం, మూసుకుపోయినట్టు. గిన్నె కార్బొరేటర్‌లో ఫ్లోట్, దాని నీడిల్ వాల్వు కలిసి గిన్నెలో పెట్రోలు మట్టాన్ని కాపాడతాయి. అక్కడి నుంచి పెట్రోలు రెండు దారుల్లో వెళుతుంది: వేగంగా నడిచేటప్పుడు మెయిన్ జెట్, స్లోలో ఉన్నప్పుడు పైలట్ జెట్. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. జిగురు ఒక్క పొర కడితే చాలు. రెండోదైతే కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య గాలి చొరకుండా అడ్డుగా పెట్టిన గాస్కెట్ చిరిగి ఉండొచ్చు.

ఇదే జబ్బు కొన్ని మోవర్లలో ఇంకో వేషంలో వస్తుంది. ఇంజిన్ ఆగదు గానీ ఊఁ... ఊఁ... ఊఁ అని హెచ్చుతూ తగ్గుతూ ఊగుతుంది. పెట్రోలు చాలక వేగం పడిపోతుంది. వేగం పడిందని గవర్నర్ (వేగాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు) థ్రాటిల్‌ను తెరుస్తుంది. అప్పుడు మెయిన్ జెట్ అందుకుని వేగం పెంచుతుంది. పెరిగిందని గవర్నర్ మళ్లీ మూస్తుంది, మళ్లీ పైలట్ జెట్ మీద ఆధారం, మళ్లీ ఆకలి. చూసేవాళ్లకు గవర్నర్ పిచ్చెక్కినట్టు ఆడుతున్నట్టుంటుంది కాబట్టి దాని స్ప్రింగు మీద చెయ్యి వేస్తారు. పాపం, అది తన పని తాను చేస్తోంది. గవర్నర్‌ను కదపడంలో ప్రమాదమూ ఉంది. బ్లేడు కొన ఎంత వేగంతో తిరగొచ్చో దానికి భద్రతా హద్దు ఉంటుంది. అమెరికా ప్రమాణంలో అది నిమిషానికి 19,000 అడుగులు, అంటే సెకనుకు దాదాపు 96 మీటర్లు. స్ప్రింగును సాగదీసి వేగం పెంచామంటే ఆ హద్దు దాటించే ప్రమాదం ఉంది.

కార్బొరేటర్‌ను కడగాలా, మార్చాలా అన్నది తెగని పంచాయితీ. కడిగేవాళ్లు అసలు భాగం కొలతలు ఆ ఇంజిన్‌కే చేసినవంటారు. గుర్తింపు లేని కొత్త కార్బొరేటర్లలో జెట్ కొలత కాస్త అటూ ఇటూ ఉండే మాట నిజమే. మార్చేవాళ్లు గంటలకొద్దీ కడిగినా కంటికి కనిపించని లోపలి దారుల్లో జిగురు మిగిలిపోతుందంటారు, అదీ నిజమే. రెండు వర్గాలూ ఒప్పుకునేది ఒకటి: జెట్‌లో ఉక్కు తీగ దూర్చి గీకితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఇంజిన్ జీవితాంతం రిచ్‌గా నడుస్తుంది.

పది నిమిషాలు నడిచి ఆగేది

స్టార్ట్ కాని యంత్రం కంటే ఇది ఎక్కువ ఏడిపిస్తుంది. చక్కగా లేస్తుంది, పది నిమిషాలు కోస్తుంది, చచ్చిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ లేస్తుంది. నేను ఒక పాత మోవర్ కార్బొరేటర్‌ను ఇలాగే రెండుసార్లు విప్పి కడిగాను, రెండుసార్లూ పది నిమిషాలు సంబరపడ్డాను. మూడోసారి ఆగినప్పుడు విసుగొచ్చి పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే 'సుయ్' అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైంది. మూతలో గాలి వెళ్లే సన్న రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి పల్చబడి, చివరికి చుక్క కూడా కిందికి దిగడం లేదు. అరగంట విశ్రాంతిలో గాలి మెల్లగా చొరబడుతోంది, ఇంజిన్ మళ్లీ లేస్తోంది.

ఇదే లక్షణానికి మరో కారణం కాయిల్. లోపలి సన్న తీగ చుట్లు వేడికి సాగి ఎక్కడో తెగుతాయి, చల్లారితే మళ్లీ అతుక్కుంటాయి. రెండింటినీ విడదీసేది ఆగిపోయిన ఆ నిమిషమే. వెంటనే మూత వదులు చేసి లాగితే లేచిందంటే మూతదే తప్పు. లేవకపోతే ఇంజిన్ వేడిగా ఉండగానే స్పార్క్ చూడాలి. అప్పుడు స్పార్క్ లేకుండా చల్లారాక వస్తే కాయిల్. చల్లారే దాకా ఆగి తాపీగా పరీక్షిస్తే రెండూ అమాయకంగానే కనిపిస్తాయి.

టూ స్ట్రోక్ లెక్కలు

డబ్బా మీద 50:1 అని ఉంటుంది. 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. లీటరుకు 20 మి.లీ., 5 లీటర్లకు 100 మి.లీ. పాత యంత్రాల మీద 25:1 కనిపిస్తుంది, అంటే లీటరుకు 40 మి.లీ. ఆయిల్ అసలు కలపకపోతే పిస్టన్ కొన్ని నిమిషాల్లోనే పట్టేస్తుంది, ఇందులో వాదనే లేదు. వాదనంతా ఎక్కువ కలపడం గురించే. 'కాస్త ఎక్కువైతే మంచిదేగా' అనేవాళ్లు గమనించని విషయం ఒకటుంది. ఆయిల్ పెరిగితే అదే జెట్‌లోంచి వెళ్లే పెట్రోలు పాలు తగ్గుతుంది. 50:1లో పెట్రోలు 98 శాతం, 25:1లో 96 శాతం. అంటే మిశ్రమం కొంచెం లీన్ అవుతుంది. ఆ రెండు శాతం పెద్ద లెక్కలోది కాదు, ఎక్కువ ఆయిల్ బేరింగులకు మేలే అనే మెకానిక్కులూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. అయితే ఎక్కువైన ఆయిల్ ఎక్కడికీ పోదు, మసిగా మారి సైలెన్సర్‌లో పేరుకుంటుంది.

ఆ మసి పుట్టించే జబ్బుకు ఓ ప్రత్యేక లక్షణం ఉంది. బ్రష్ కట్టర్ తేలిగ్గా లేస్తుంది, స్లోలో నిలబడుతుంది, రేజ్ ఇస్తే మాత్రం గొంతు పట్టేసినట్టు గుర్రుమంటుంది. అందరి చూపూ కార్బొరేటర్ మీదికే పోతుంది. చాలాసార్లు దోషం సైలెన్సర్ నోట్లో ఉన్న సన్న జల్లెడది. నిప్పురవ్వలు బయటికి పోకుండా పెట్టిన ఆ జల్లెడ మసితో మూసుకుంటే పొగ బయటికి పోదు, పొగ పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

బ్రష్ కట్టర్ తలలో నైలాన్ దారం పుటుక్కు పుటుక్కున తెగుతుంటే తలను మార్చక్కర్లేదు. నైలాన్ తేమతోనే మెత్తగా ఉంటుంది, ఎండిపోతే పెళుసవుతుంది. ఒక రాత్రి నీళ్లలో నానబెడితే చాలావరకు తేరుకుంటుంది.

బ్యాటరీ యంత్రాల్లో తేడా

బ్యాటరీతో నడిచేవాటిలో ప్లగ్గూ లేదు, కార్బొరేటరూ లేదు. చెడే చోట్లు తక్కువ, చెడితే మన చేతికి అందేవి ఇంకా తక్కువ. ముందు పెట్టె మీది అంకె సంగతి. 36 వోల్టులనీ 40 వోల్టులనీ రాసి ఉన్న రెండు ప్యాకులు చాలాసార్లు ఒక్కటే: వరుసగా 10 లిథియం సెల్లులు. సెల్లుకు సగటున 3.6 వోల్టుల లెక్కన 36. నిండుగా ఛార్జ్ అయినప్పుడు సెల్లుకు 4.2 లెక్కన 42 దాకా వెళుతుంది. ఆ పై అంచు చూపించి 40 అని అమ్ముతారు.

యంత్రం కదలకపోతే అదే రకం ఇంకో బ్యాటరీ పెట్టి చూడటమే ఇక్కడ నాలుగు చుక్కల పరీక్ష. దానితో నడిస్తే లోపం ప్యాకుది. నెలల తరబడి ఖాళీగా వదిలేసిన ప్యాకులో ఒక సెల్లు మరీ దిగజారితే, లోపలి రక్షణ సర్క్యూటు మొత్తం ప్యాకుకే తాళం వేస్తుంది. అందుకే సగం ఛార్జ్‌తో పక్కన పెట్టమంటారు. తాళం పడిన ప్యాకును విప్పి సెల్లుకు నేరుగా ఛార్జ్ పెట్టే చిట్కాలు తిరుగుతుంటాయి. దిగజారిన లిథియం సెల్లు లోపల షార్టయి అంటుకోవచ్చు. రక్షణ సర్క్యూటు తాళం వేసింది ఆ భయంతోనే.

తాళం వేసిన స్క్రూలు

కార్బొరేటర్ మిశ్రమాన్ని సరిచేసే స్క్రూలకు ఇప్పుడు మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. తలలు వింత ఆకారాల్లో ఉంటాయి, పైన ప్లాస్టిక్ టోపీ కొద్ది దూరమే తిరగనిస్తుంది. తయారీదారుల మాట: ఇది పొగ నిబంధనల కోసం, ఎవరికి వారు రిచ్ చేసుకుంటే కాలుష్యం పెరుగుతుంది. రిపేరు హక్కు కావాలనేవాళ్ల మాట: యంత్రం అరిగేకొద్దీ, పెట్రోలు మారేకొద్దీ సర్దుబాటు కావాల్సిందే, అది కొన్నవాడికి అందకపోతే ఎలా? ఈ తగువు పెద్ద యంత్రాల దాకా పాకింది. వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుపై అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. ట్రాక్టర్ల రిపేరును తన గుప్పిట్లో పెట్టుకుందంటూ జాన్ డీర్ కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కేసు వేసింది. ఆ ఆరోపణను కంపెనీ ఒప్పుకోలేదు. ఇంకోవైపు కాలిఫోర్నియా 2024 మోడళ్ల నుంచి తోట పనికి వాడే చాలా చిన్న పెట్రోలు ఇంజిన్ల కొత్త అమ్మకాలకే తెర దించింది. పాతవి వాడుకోవడానికి అడ్డులేదు. అంటే అక్కడ ఇప్పటికే ఉన్న ఇంజిన్లను బాగుచేసుకుంటూ పోవడం ఇంకొన్నేళ్లు సాగే పనే.

రింగులు పోయాయా, సిలిండరు పోయిందా

మిగిలింది కంప్రెషన్, నాలుగింటిలో తేలిగ్గా బాగుపడనిది. గేజి పెట్టి కొలిస్తే తేలిపోతుందనుకుంటారు గానీ ఫోర్ స్ట్రోక్‌లలో ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. తాడు లాగడం తేలిక కావడానికి చాలా ఇంజిన్లలో ఒక వాల్వును స్టార్టింగ్‌లో కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు ఉంటుంది. మంచి ఇంజిన్ కూడా గేజి మీద నీరసంగా కనిపిస్తుంది. అందుకని అక్కడ సిలిండరులోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో వింటారు. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు.

చైన్‌సాకు, బ్రష్ కట్టర్‌కు గేజి లేని పాత పద్ధతి ఉంది. స్విచ్ ఆపి, ప్లగ్ క్యాప్ తీసి, తాడు పిడి పట్టుకుని యంత్రాన్ని గాలిలో వేలాడదీయడం. కంప్రెషన్ బాగుంటే తాడు ఆగి ఆగి, మెట్టు మెట్టుగా జారుతుంది. పోయి ఉంటే యంత్రం సర్రున కిందికి దిగిపోతుంది.

సర్రున దిగిందంటే సైలెన్సర్ విప్పుతారు. రెండు మూడు బోల్టులే. వెనక ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. తాడును మెల్లగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ కదిపి చూడాలి. నున్నగా మెరుస్తూ, తయారీలో పడిన సన్న అడ్డగీతలు ఇంకా కనిపిస్తుంటే లోపం వేరేచోట ఉంది, వెనక్కి వెళ్లి కార్బొరేటర్ గాస్కెట్లు, ఇరుసు సీళ్లు వెతకొచ్చు. నిలువుగా గీరుకుపోయి, అల్యూమినియం పూసినట్టు మరకలుంటే పిస్టన్, సిలిండరు రెండూ పోయాయి. ఆ జత ధర, యంత్రం ధర పక్కపక్కన పెట్టి చూసుకోవడమే మిగిలింది. అయితే కొత్త పిస్టన్ వేసే ముందు పాతది ఎందుకు పట్టేసిందో కనుక్కోకపోతే, అదే గాలి లీకో, ఆయిల్ లేని అదే డబ్బా పెట్రోలో కొత్తదాన్నీ గీరేస్తుంది.